రెండోసారి అమ్మిన పట్టాలు

శనివారం వచ్చిందంటే విల్మా స్కోవ్రాన్ పెందలాడే లేచి కాఫీ తాగి, పాత కారు వెనకసీట్లో ఖాళీ అట్టపెట్టెలు పడేసుకుని పుస్తకాల వేటకు బయల్దేరేది. చర్చివాళ్ళు పెట్టే పాత సామాన్ల అమ్మకాలు, గ్రంథాలయాలు వదిలించుకోవాలనుకున్న పుస్తకాలు పరిచే బల్లలు, ఎవరైనా పెద్దాయన పోతే పిల్లలు ఇంటి ముందు గడ్డిలో గుమ్మరించే సామాను. పెన్సిల్వేనియా కొండల్లో ఏ వారం ఏ ఊళ్ళో ఏమున్నాయో ఆవిడకు నోటికి వచ్చు. గిన్నెలు, దీపాలు, కుట్టుమిషన్లు ఆవిడ కంటికి ఆనేవి కావు. రైల్వేలు ఎలా పుట్టాయి, ఎవరి డబ్బుతో పెరిగాయి, ఎవరి చేతుల్లో చచ్చాయి అని చెప్పే పుస్తకాలే కావాలి. కంపెనీల వార్షిక నివేదికలు, బాండ్లు కొనేవాళ్ళకోసం అచ్చేసిన లావుపాటి గైడ్లు, దివాళా కేసుల విచారణ సంపుటాలు. బల్ల మీద ఇంజన్ల రంగు బొమ్మలున్న పుస్తకం కనిపిస్తే మూతి తిప్పుకుని ముందుకు పోయేది.

ఇంటికొచ్చి పుస్తకం దుమ్ము తుడిచి అలమరలో పెట్టేది. ఆదివారం పొద్దున లేచి చూస్తే పెరట్లో రైలు పట్టా ఇంకాస్త పొడుగు పెరిగి ఉండేది. వంటింటి వెనక మెట్టు దగ్గర మొదలై, కూరగాయల మడి పక్కనుంచి, కంచె కిందుగా పాత రైలు కట్టవైపు పాకేది. సన్నటి నివేదిక అయితే బారెడు, లావు సంపుటమైతే పక్కింటి కొట్టం దాకా. ఆ మెరుపు చూసి వీధిలో వాళ్ళు, "టీచరమ్మకి ఈ వారం మంచిదే దొరికినట్టుంది" అనుకునేవాళ్ళు. పోస్టుమ్యాన్ దాటుకుని వచ్చేవాడు. గడ్డి కోసే మనిషి మాత్రం పట్టాల చుట్టూ మిషను తిప్పడం కష్టంగా ఉందని కూలి కాస్త పెంచాడు. అదీ న్యాయమేనని ఆవిడ ఇచ్చేది.

ఇది ఇష్టంతో పట్టిన పిచ్చి కాదు. విల్మా కోపంతో పుస్తకాలు కొనేది.

ఆవిడ తండ్రి స్టెఫాన్ రిడ్జ్ లైన్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల మేస్త్రీ. వాళ్ళ ఊరు టానరీ గ్యాప్‌లో సగం మంది మగవాళ్ళు ఆ వర్క్‌షాపు తిండే తిన్నారు. విల్మా హైస్కూల్లో చేరిన ఏడు, ఒక శుక్రవారం షిఫ్టు దిగే వేళ గేటుకు కాగితం అంటించారు. లైను నష్టాల్లో ఉందిట, వర్క్‌షాపులో పని సరిగా సాగడం లేదుట, మూసేస్తున్నారుట. మంచు పడేలోగా పట్టాలన్నీ పీకి తుక్కు కింద అమ్మేశారు. పింఛను నిధి ఎటు పోయిందో అడిగినవాళ్ళకు, అడగాల్సిన కంపెనీ ఇప్పుడు లేదని జవాబొచ్చింది.

స్టెఫాన్ ఆ కాగితాన్ని నమ్మాడు. అదీ విల్మా గుండెలో దిగబడిన మేకు. క్యాబేజీ వేసి వేయించిన హలుష్కి నూడుల్స్ పళ్ళెం ముందు కూర్చుని, "మేమే ఇంకాస్త గట్టిగా చేసుండాల్సింది" అనేవాడు. "ఆ ఏడాది చలికాలం చక్రాలు ఆలస్యంగా ఇచ్చాం" అనేవాడు. ఆసుపత్రి మంచం మీద, మాట సరిగా పెగలని రోజుల్లో కూడా, ఏదో వ్యాగన్ గురించి ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటూనే పోయాడు.

ఆయన్ని సాగనంపిన కొన్నాళ్ళకు చర్చి నేలమాళిగలో ఒక బల్ల మీద గోధుమరంగు అట్ట పుస్తకం విల్మా చేతికొచ్చింది. బాండ్లు కొనేవాళ్ళ గైడు. లైను మూసెయ్యడానికి ముందు సంవత్సరానిది. అప్పటికి ఆవిడ ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు. నిలబడే చదివింది. రిడ్జ్ లైను సరుకు బాగానే మోసేది. నష్టం సరుకులో లేదు. డైరెక్టర్లు తమ సొంత హోటళ్ళనీ, ఓడల కంపెనీనీ లైను చేత అప్పు చేయించి కొనిపించారు. అప్పు లైను నెత్తిన పెట్టి, సొమ్ము తాము పట్టుకుపోయారు. లైను దానంతటది చావలేదు. చంపారు. చంపి, ఆ నింద చక్రాలు చేసేవాళ్ళ మెడకు కట్టారు.

మర్నాడు పొద్దున వెనక మెట్టు దగ్గర మొదటి పట్టా మొలిచింది.

అప్పట్నుంచీ కొంటూనే ఉంది. చదువుతూ పుటల అంచుల్లో పెన్సిలుతో 'అబద్ధం' అని రాసేది. అచ్చంగా అబద్ధమైతే పెన్సిలు ముక్కు విరిగేది. పెళ్ళి మాట ఎప్పుడో ఒకసారి వచ్చి పోయింది. ఉద్యోగం నుంచి దిగిపోయింది. జుట్టు నెరిసింది. కోపం మాత్రం నెరవలేదు.

పక్కింటి లెస్టర్ ప్రూకు డెబ్భై దాటాయి. మంగలి దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. ఆయనా రైల్వే పుస్తకాలే పోగేసేవాడు, కానీ విల్మా మూతి తిప్పుకునే రకం. ఆవిరి ఇంజన్ల ఫోటోలు, స్టేషన్ల చరిత్రలు, పాత టైంటేబుళ్ళు, కంపెనీ వందేళ్ళ పండక్కి వేసిన బంగారు అంచుల సంపుటాలు. ఆయన పెరట్లో పట్టాలు మొలవవు. స్లీపర్లు మొలుస్తాయి. తారు వాసనేసే బరువైన ఓకు దుంగలు, వరసగా. వాటి మీద పూలకుండీలు పెట్టుకునేవాడు.

"ఏమ్మా విల్మా, ఈ వారం ఎవర్ని ఉరి తీశావు?" అని కంచె మీదుగా అడిగేవాడు.

"ఉరి తీయడానికి ఎవరు మిగిలారు? అందరికీ విగ్రహాలు కట్టారుగా."

"ఒక్కసారి ఈ ఇంజను చూడు. చక్రాలు చూడు ఎంత అందంగా..."

"నీ బొమ్మల్లో పొగ ఉంటుంది లెస్టర్. మనుషులుండరు."

"నీ పుస్తకాల్లో మనుషులే ఉంటారు. అందరూ దొంగలే. పడుకునే ముందు చదివితే నిద్రెలా పడుతుంది తల్లీ?"

"పట్టకూడదనే చదువుతాను" అని ఆవిడ లోపలికి పోయేది.

ఆ ఏడు వసంతకాలంలో ఊరి అగ్నిమాపక దళం హాల్లో మీటింగు పెట్టారు. పాత లైను వెళ్ళిన కట్ట, ఊరి వెనక కొండను నిలువునా తొలిచిన కోత, అన్నీ ఇప్పటికీ ఆల్డర్‌మోర్ హోల్డింగ్స్ అనే కంపెనీ పేరున ఉన్నాయి. లైనును చంపిన కంపెనీయే. పేరు రెండుసార్లు మార్చుకుంది, కుటుంబం మారలేదు. వాళ్ళ వకీలు నీలం కోటులో వచ్చి గోడ మీద బొమ్మలు చూపించాడు. కోత ఖాళీగా పడి ఉంది గనక పెద్ద నగరాల చెత్త తెచ్చి అందులో నింపుతారట. పైన మట్టి కప్పి గడ్డి వేస్తారట. ఊరికి ఒక ఆటస్థలం కట్టిస్తారట.

విల్మా లేచింది. "ఆ కోతలోంచి వచ్చే వాగు నీళ్ళే మా బావుల్లోకి దిగేది. మా ఇళ్ళకు రాయి విసిరితే తగిలేంత దూరం. కంపు సంగతేమిటి?"

"అమ్మా, మీ భావాలు నేను అర్థం చేసుకోగలను" అన్నాడు వకీలు.

"నా భావాల సంగతి నిన్నెవడూ అడగలేదు. కంపు సంగతి అడిగాను."

వెనక బెంచీల్లో నవ్వారు. వకీలు కూడా నవ్వాడు. "అక్కడ రైలు పోయి నలభై ఏళ్ళు దాటింది. పట్టాలే లేని చోటు రైల్వే కాదు, ఖాళీ స్థలం. మా స్థలంలో మేమేం వేసుకోవాలన్నా జిల్లా అనుమతి ఉంటే చాలు. అది వచ్చేసింది."

విల్మా కూర్చోలేదు. ఎదురుగా గోడ మీద ఆకుపచ్చటి ఆటస్థలం బొమ్మ మెరుస్తోంది. నేరుగా బయటికి నడిచి కారెక్కింది.

ఆ నెల ఆవిడ శనివారాలకోసం ఆగలేదు. రోజూ తిరిగింది. దాచుకున్న సొమ్ము తీసింది. పట్టాలు పెరటి కంచె దాటాయి, కట్ట ఎక్కాయి, రెండు గీతలుగా కోత ముఖంలోకి దూరాయి. ఊరివాళ్ళు సాయంత్రాలు నడకకు వెళ్ళి, ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుని వచ్చేవాళ్ళు.

ఒకరోజు ట్రక్కులో కంపెనీ మనుషులు దిగారు. పట్టాల కింద ఏమీ లేదు, వట్టి మట్టి. గునపం పెట్టి లేపితే లేచాయి. గ్యాసు మంటతో ముక్కలు కోసి ట్రక్కుకెత్తారు. రొప్పుతూ పరిగెత్తి వచ్చింది విల్మా.

"ఎక్కడికి తీసుకుపోతున్నారు?"

"తుక్కుకండీ" అన్నాడు వాళ్ళ మేస్త్రీ. "మంచి ఉక్కు. మొలిచింది మొలిచినట్టు తెచ్చెయ్యమన్నారు. ఆఫీసులో సంతోషంగా ఉన్నారు."

విల్మా వెనుదిరిగింది. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి, చేతికందిన కాఫీ కప్పును గోడకేసి కొట్టింది. ఆ పట్టాల్నే ఒకసారి అమ్ముకున్నారు, నాన్న కళ్ళ ముందు. ఇప్పుడు తన డబ్బుతో, తన చేత మళ్ళీ మొలిపించుకుని రెండోసారి అమ్ముకుంటున్నారు. తను కొన్న ప్రతి పుస్తకమూ వాళ్ళ జేబులోకే పోతోంది.

ఆవిడ కొనడం మానేసింది. శనివారం పొద్దున వెనక మెట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. లెస్టర్ కంచె దగ్గరికి వచ్చి దాని మీద మోచేతులు ఆనించాడు.

"ఒకటి అడుగుతాను, మీద పడకు" అన్నాడు. "పట్టా దేని మీద పడుకుంటుంది?"

విల్మా తలెత్తింది.

"స్లీపరు మీద. నీ దగ్గర ఒట్టి పట్టాలే. నా దగ్గర ఒట్టి స్లీపర్లే. ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. రెండు రకాల పుస్తకాలూ ఒక గదిలో పెట్టి చూద్దాం."

"నీ బొమ్మల పుస్తకాలు నా ఇంట్లోనా? ఆ వందేళ్ళ పండగ సంపుటం కూడానా? దాంట్లో ప్రెసిడెంటు రిబ్బను కత్తిరిస్తూ ఇకిలిస్తుంటాడు. వర్క్‌షాపు ఫోటో కింద 'సంతోషంగా పనిచేసే మన సిబ్బంది' అని ఉంటుంది. దాన్ని పొయ్యిలో పెడతాను."

"పెట్టు. ఒక బారు స్లీపర్లు పోతాయి." లెస్టర్ గొంతు మొదటిసారి గట్టిపడింది. "నువ్వొక్కదానివే నష్టపోయినట్టు మాట్లాడతావెందుకు? నేను వర్క్‌షాపు మనుషుల జుట్టు కత్తిరించి బతికినవాణ్ణి. మూసేశాక మీ నాన్న జుట్టు అరువు మీద కత్తిరించాను, ఆయన చివరి రోజు దాకా. నువ్వు వాళ్ళు ఎలా చచ్చారో చదువుతావు. నేను వాళ్ళు ఎలా బతికారో చూసుకుంటాను. అందులో తప్పేముంది?"

విల్మా మెట్టు మీంచి లేచింది. కొట్టంలోంచి ఒంటిచక్రం బండి తీసుకొచ్చింది.

మధ్యాహ్నానికల్లా లెస్టర్ పుస్తకాలన్నీ ఆవిడ ముందుగదిలోకి చేరాయి. వందేళ్ళ పండగ సంపుటాన్ని విల్మాయే అలమరలో పెట్టింది, పళ్ళు బిగించుకుని, దివాళా విచారణల పక్కన ఇరికించి. మర్నాటికి మెట్టు దగ్గర్నుంచి కోత సగం దాకా లైను పడింది. స్లీపర్లు, కంకర, మేకులు, బోల్టులు, దేనికీ లోటు లేకుండా. కంపెనీ మనుషులు వచ్చారు. గునపాలు వంగాయి. గ్యాసు మంట పట్టాను తాకగానే ఆరిపోయింది. మేస్త్రీ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"ఇది లైను" అన్నాడు. "మమ్మల్ని తుక్కు ఏరమన్నారు గానీ లైను పీకమనలేదు." ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం డేల్ అర్బానిక్ వచ్చాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడే. విల్మా దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. ఇప్పుడు నలభైల్లో ఉన్నాడు, ఆల్డర్‌మోర్‌లో స్థలాల వ్యవహారాలు చూస్తాడు. కొండ అవతల కార్వర్ జంక్షన్లో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. మొహమాటంగా వరండాలో నిలబడ్డాడు.

"బాగున్నారా టీచర్?"

"చెత్త తెచ్చావా, చెత్త గురించి మాట్లాడ్డానికొచ్చావా?"

"మీ పుస్తకాలన్నీ కంపెనీ కొంటుంది. ఎంత చెప్తే అంత."

"దేనికిరా? చదువుతారా?"

డేల్ బూట్ల కేసి చూసుకున్నాడు. "ఇది నా ఉద్యోగం, టీచర్. నేను కాకపోతే ఇంకోడు వస్తాడు."

"ఆ మాట మా నాన్న వర్క్‌షాపు గేటుకు కాగితం అంటించినవాడు కూడా అనుంటాడు. ఫో ఇక్కణ్ణుంచి."

అతను పోయాడు, కానీ ఊరికే పోలేదు. శనివారం విల్మా, లెస్టర్ కలిసి వెళ్తే చర్చి బల్ల మీద వంటల పుస్తకాలు తప్ప ఏమీ లేవు. పక్క ఊరి గ్రంథాలయంలో కూడా అంతే. పాత పుస్తకాల దుకాణాల్లో అడిగితే, "ఒకాయన వ్యాను వేసుకొచ్చి రైల్వే మాట ఉన్న ప్రతిదీ పట్టుకుపోయాడండీ" అన్నారు. పెద్దాయనలు పోయిన ఇళ్ళకు సామాను బయట పెట్టకముందే డేల్ వెళ్తున్నాడు. కంప్యూటర్లో తెప్పించుకుందామంటే అక్కడా అమ్ముడైనట్టే చూపిస్తోంది. వేసవి అంతా ఒక్క నివేదిక కూడా దొరకలేదు. లైను కోత మధ్యలో ఆగిపోయింది.

ఆకులు రాలే కాలానికి చెత్త ట్రక్కులు రావడం మొదలైంది. ఊరివైపు లైను అడ్డం గనక కొండ పైముఖం నుంచి వచ్చి గుమ్మరించేవి. గాలి తిరిగితే చాలు, బట్టలు బయట ఆరేయలేకపోయేవాళ్ళు. దుప్పటి నోటికడ్డం పెట్టుకుని పడుకునేవాళ్ళు. వాగులో నురగ వచ్చింది. విల్మా కొండెక్కి ట్రక్కుకు అడ్డంగా నిలబడింది. డ్రైవరు కిందికి దిగి, "అమ్మా, నేను కిరాయివాణ్ణి. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. మీరు తప్పుకోకపోతే నా రోజు పోతుంది" అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేక. ఈ మనిషినా తను తిట్టాల్సింది? ఆవిడ పక్కకు తప్పుకుంది. తప్పుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి డేల్‌కు ఫోను చేసింది.

"పుస్తకాలన్నీ ఏం చేశావు?"

"కంపెనీ చెప్పినట్టు చేశాను. కాగితం మిల్లుకు."

"నీకు భిన్నాలు రాకపోతే బడి అయిపోయాక కూర్చోబెట్టి నేర్పాను. గుర్తుందా?"

"ఉంది టీచర్."

"తప్పు చేశాను" అని పెట్టేసింది.

జింకల వేట మొదలైన వారంలో, తుపాకులు భుజాన వేసుకుని కొండ దిగిన వేటగాళ్ళు విల్మా ఇంటి ముందు ఆగారు. "టీచర్, మీ లైను పైనుంచి కూడా దిగుతోంది. మాకు చెప్పనేలేదే" అన్నారు.

"నేను పైన ఏమీ పెట్టలేదు" అంది ఆవిడ.

లెస్టర్ అప్పటికే కారు తాళాలు వెతుకుతున్నాడు. ఇద్దరూ కొండ చుట్టు రోడ్డు మీద వెళ్ళారు. వేటగాళ్ళు చెప్పింది నిజమే. చెట్ల సందుల్లోంచి, మంచులో, పట్టాలు మెరుస్తున్నాయి. స్లీపర్లు, కంకర, అంతా సరిగ్గా ఉంది. దాని వెంబడే పోయి పోయి కార్వర్ జంక్షన్లో ఒక కొత్త ఇంటి ముందు ఆగారు. రైల్వే యార్డు ఉన్న పాత స్థలంలో కట్టిన ఇల్లది. దాని వెనక కంచె అవతలే ఈనాటికీ గూడ్సు బళ్ళు తిరిగే పెద్ద లైను. డేల్ గ్యారేజీ తలుపు కింది నుంచి రెండు జతల పట్టాలు బయటికి వచ్చాయి. ఒక జత కంచె దాటి పెద్ద లైనులో కలిసింది. రెండోది కొండెక్కింది. డేల్ గడ్డి మీద టార్పాలిన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, దేన్ని కప్పాలో తెలియనట్టు.

విల్మా కారు దిగింది. "మిల్లుకు పంపానన్నావు."

డేల్ గ్యారేజీ తలుపుకు అడ్డం జరిగాడు.

"తలుపు తియ్."

గ్యారేజీలో నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. ఇలాంటివి ఉన్నాయని ఆవిడ వినడమే తప్ప కళ్ళ చూడని నివేదికలు, పూర్తి వరసలు, వాటి పక్కనే బొమ్మల పుస్తకాలు, టైంటేబుళ్ళు. లెస్టర్ చర్చిలోకి వచ్చినట్టు టోపీ తీశాడు.

"ఒక దుకాణదారు చెప్పాడు, వీటిల్లో కొన్నిటికి మంచి గిరాకీ ఉందని" అన్నాడు డేల్ నెమ్మదిగా. "చెత్త గొడవ అణిగాక అమ్ముకుందామనుకున్నాను. కంపెనీకి మిల్లు రసీదు దొంగది చూపించాను. వేసవంతా పెట్టెల్లోనే ఉన్నాయి, ఈ వారమే విప్పి వరసగా పేర్చాను."

"అంటే మమ్మల్నీ మోసం చేశావు, వాళ్ళనీ చేశావు."

"అవును."

"ఈ ఊళ్ళో పుట్టావు. పుస్తకాలుంటే పట్టాలు మొలుస్తాయని నీకు తెలీదా?"

డేల్ ఆవిడ మొహం కేసి చూశాడు, నిజంగానే ఆశ్చర్యంగా. "అది మీ కోపం వల్ల అనుకున్నాను టీచర్. ఊరంతా అలాగే అనుకుంటారు. పుస్తకాల వల్లని నేననుకోలేదు. నాకు ఎవరి మీదా కోపం లేదు కదా, నా దగ్గర ఏం మొలుస్తాయని."

విల్మా గ్యారేజీ గుమ్మం పట్టుకుని నిలబడింది. తనూ ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది. ప్రతి రాత్రీ ఆ మంటను ఎగదోసుకుంటూ, అది ఆరితే లైను ఆగిపోతుందని భయపడుతూ.

"అయితే నా కోపం దేనికి పనికొచ్చినట్టు లెస్టర్?" అంది.

"పుస్తకాలు కొనడానికి" అన్నాడు లెస్టర్. "అది లేకపోతే నువ్వు ఆ మొదటిదాన్ని బల్ల మీదే వదిలేసి వచ్చేదానివి."

డేల్ టార్పాలిన్ మడత పెడుతూ అన్నాడు. "పొద్దుటికల్లా రెండు కొసలూ కలుస్తాయి. ఇప్పుడే కంపెనీకి చెబితే ఏదైనా చేస్తారేమో. నేను చెప్పాలి, ఉద్యోగం కాబట్టి."

"చెప్పు మరి" అంది విల్మా. "ఫోను అక్కడుంది."

అతను ఫోను కేసి చూశాడు. పుస్తకాల కేసి చూశాడు. చెబితే దొంగ రసీదు బయటపడుతుంది. చెప్పకపోయినా పడుతుంది. అతనికి ఏ వైపూ ధైర్యం చాలలేదు. మెట్టు మీద కూలబడ్డాడు, ఏమీ చేయలేదు. అలా ఏమీ చేయకుండానే చీకటి పడింది.

పొద్దుటికి లైను కలిసింది. కోతలోని చెత్త రెండు పక్కలకూ ఒరిగి, మధ్యలో పట్టాలు తేలాయి. ఊరివాళ్ళు పారలు పట్టుకుని వచ్చి మిగిలింది లాగేశారు. పెద్ద లైనుతో కలిసింది గనక రైల్వే తనిఖీ అధికారి రాక తప్పలేదు. చేతిలో చిన్న సుత్తితో జంక్షన్ నుంచి విల్మా వెనక మెట్టు దాకా నడిచాడు, అక్కడక్కడా కొట్టి చెవి పెట్టి విన్నాడు. వంటింట్లో కూర్చుని కాఫీ తాగి, "ఇది పనిచేసే రైల్వే లైను" అని రాసి సంతకం పెట్టాడు. పనిచేసే లైను మీద చెత్త పోయడం చట్టప్రకారం కుదరదు. అప్పటికే పోసింది మొత్తం ఆల్డర్‌మోర్ తన ట్రక్కుల్లోనే వెనక్కి మోసుకుపోవాల్సి వచ్చింది. ఈసారి వకీలు నీలం కోటు వేసుకోలేదు, రబ్బరు బూట్లు వేసుకొచ్చాడు. కోత అంచున నిలబడి ముక్కు మూసుకున్నాడు. విల్మా అతని పక్కనే నిలబడి, చివరి ట్రక్కు వెళ్ళే దాకా కదల్లేదు.

డేల్ ఉద్యోగం ఆ వారమే ఊడింది. కంపెనీ అతన్ని ద్రోహి అంది. టానరీ గ్యాప్ అతన్ని వీరుడంది. కంపెనీ కళ్ళుగప్పి, ఊరి కోసం పుస్తకాలు దాచాడని ఒకరి నుంచి ఒకరికి పాకి అందరికీ తెలిసిపోయింది. అగ్నిమాపక దళం హాల్లో అక్రోటు రొట్టెలూ కాఫీ పెట్టి చప్పట్లు కొట్టారు. అతను తల దించుకుని నిలబడితే అది వినయం అనుకున్నారు. విల్మా నిజం చెప్పడానికి లేచింది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆ మొహాలు చూసింది. కంపు పోయి చాన్నాళ్ళ తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంటున్న మనుషులు. "రొట్టె బాగుంది" అని కూర్చుంది. అలా కూర్చోవాల్సి వచ్చినందుకు ఇంకో కోపం.

మంచు కరిగాక లైను మీద బళ్ళు నడిచాయి. కొండ మీది రాతి గనివాళ్ళూ కర్ర మిల్లువాళ్ళూ కలిసి ఒక చిన్న ఇంజను తెచ్చుకున్నారు. లైను చూసుకునే మనిషి కావాలన్నారు. రోజూ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, బోల్టులు బిగించి, కంకర సరిచేసే పని. డేల్‌ను ఇంకే కంపెనీ గుమ్మం ఎక్కనివ్వలేదు. కొత్త ఇంటిని, పట్టాలు దూరిన గ్యారేజీతో సహా, కొనేవాడు లేడు. ఊరు మొత్తం అతని పేరే చెప్పింది. అతను కాదనలేకపోయాడు.

అలా రోజూ మధ్యాహ్నం వేళకు డేల్ భుజాన పొడుగాటి స్పానరుతో విల్మా వెనక మెట్టు దగ్గరికి వచ్చేవాడు. లైను అక్కడే అయిపోతుంది. ఆవిడ వెనక వరండాలో కూర్చుని చదువుకుంటూ ఉండేది. లోపలి గదుల్లో ఇప్పుడు నడవడానికి చోటు లేదు. లైను కలిసిపోయాక ఎక్కడుంటేనేం అని తెచ్చిన గ్యారేజీ పుస్తకాలన్నీ అక్కడే ఉన్నాయి. పక్క కుర్చీలో లెస్టర్ ఒళ్ళో బొమ్మల పుస్తకంతో కునికేవాడు.

ఒకరోజు డేల్ వెంటనే వెనుదిరగలేదు. స్పానరు కింద పెట్టి నుదురు తుడుచుకున్నాడు.

"టీచర్, ఇంకా కోపమేనా నా మీద?"

"కోపమే."

"ఊరంతా నేను మంచివాణ్ణంటున్నారు. వినలేక చస్తున్నాను. కాదని మీరైనా చెప్పెయ్యకూడదా? ఒక్కసారి తిట్టించుకుని, ఇల్లొదిలేసి ఎక్కడికైనా పోతాను."

విల్మా పెన్సిలు పుటల మధ్య పెట్టి పుస్తకం మూసింది. మెట్లు దిగి అతని దగ్గరికి వచ్చింది. పట్టా అతుకు కేసి చూసింది.

"అది వదులుగా ఉంది" అంది.

డేల్ మోకాళ్ళ మీద కూర్చుని స్పానరు తగిలించాడు. బోల్టు కిర్రుమని తిరిగి బిగిసింది. ఆవిడ అతని నెత్తి మీద, ఎండకు అడ్డంగా నిలబడే ఉంది.

"పక్కది కూడా" అంది.

అతను మోకాళ్ళ మీదే పక్కదాని దగ్గరికి జరిగాడు.